ఆ ఇంటికి అల్లుడొక్కడే

కాటాల మేస్త్రి ఇంటి పక్కవాటాలోకి కొత్తగా అద్దెకు దిగిన టీచరమ్మ, సామాన్లు సర్దుకోవడం పూర్తి కాకముందే మరో ఇల్లు వెతుక్కుందామని భర్తను పోరడం మొదలుపెట్టింది. పెరటి గోడ అవతలి నుంచి ఆమె చెవిన పడిన మాటలు అలాంటివి.

"అల్లుడు పొద్దున్నుంచీ ఒకటే గోల. గంప కింద పెట్టి మూసేశాను," అంటోంది ఒక ఆడగొంతు.

"మంచిపని చేశావు. మధ్యాహ్నం దాకా తిండి కూడా పెట్టకు. ఒళ్ళు బలిసింది," అంటున్నాడు ఒక మగమనిషి.

కొంతసేపటికి ముసలి గొంతు ఒకటి తీరిగ్గా అడిగింది. "ఇంతకీ పెద్దమనవణ్ణి ఎప్పుడు కోస్తారూ?"

మర్నాడు టీచరమ్మ ధైర్యం కూడగట్టుకుని, బట్టలారేసే నెపంతో స్టూలెక్కి గోడ మీదుగా చూసింది. గంప కంతలోంచి బయటికి చాచిన ఎర్రటి తలకాయ ఒకటి ఆమె వంక కోపంగా చూసింది. అంత పెద్ద కోడిపుంజును ఆమె అదివరకు చూడలేదు. ఆ సంగతి ఆమే నలుగురికీ చెప్పుకున్నది. వీధి వారంపాటు నవ్వుకుంది.

ఆ పెరట్లో వరసలు అప్పటికే స్థిరపడి ఉన్నాయి. మామూలు నాటుపెట్టల్లోంచి ఏరి తెచ్చి పెంచుకున్నవి కూతుళ్ళు. బయటి నుంచి వచ్చిన పెద్దజాతి పుంజు అల్లుడు. వాళ్ళ సంతానం మనవలు, మనవరాళ్ళు. ఆ తరువాతివి మునిమనవలు. మేస్త్రి ఏ కాగితం మీదా ఏదీ రాసుకోలేదు. ఏ పెట్టను ఏ పుంజుతో కలపవచ్చో, ఏ రెంటిని కలపకూడదో పిలుపే చెప్పేది. పడుచు పుంజు ఒకటి హద్దు మీరితే, "అది నీకు చెల్లెలవుతుందిరా, సిగ్గులేదూ," అంటూ మేస్త్రి భార్య చీపురు పుచ్చుకుని పెరడంతా తరిమేది. పిల్లల్లేని ఆ ఇంట కూతురన్న పిలుపు అందుకునేవాళ్ళు పెరట్లో మాత్రమే ఉన్నారు కాబట్టి, మొదట వేళాకోళంగా పుట్టిన వరసలు కాలక్రమాన వేళాకోళం కాకుండా పోయాయి.

మేస్త్రి అత్తగారు వాళ్ళతోనే ఉండేది. చెవులు మందగించినా మాటలో పదును తగ్గని మనిషి. వంటింటి గుమ్మంలో పీట వేసుకుని, కూరగాయలు తరుగుతూ, పెరటి వ్యవహారాలన్నీ అక్కణ్ణుంచే నడిపేది. ఆమె మేస్త్రిని "అల్లుడుగారు" అనేది, పుంజును "అల్లుడు" అనేది. "మా ఇద్దరికీ మధ్య ఒక్క 'గారు' అడ్డం. అది కూడా ఎప్పుడు పీకేస్తారో," అని మేస్త్రి నవ్వేవాడు. ఆ నవ్వులో కొంత గర్వం ఉండేది. తన చేతిమీదుగా ఒక పని జరుగుతోందని నమ్మిన మనిషికి ఉండే గర్వం అది. పెద్ద దోషమేమీ కాదు. కానీ కంటికి పొర కమ్మడానికి అంతమాత్రం చాలు.

అతని వృత్తి తూకపు కాటాలను బాగుచేయడం. ఇంటి ముందుగదే పనిశాల. వంగిన స్ప్రింగులు, గొలుసు తెగిన త్రాసులు, ముల్లు ఇరుక్కున్న గుండ్రటి కాటాలు, అంకెలు సగమే వెలిగే కొత్తరకం కాటాలు బల్లమీద వరస తీరి ఉండేవి. అలమరలో, మెత్తటి గుడ్డ మీద, ఇత్తడి తూనికరాళ్ళు. వాటిని అతడు చేత్తో ముట్టుకునేవాడు కాదు, పట్టకారుతో తీసేవాడు. కాటా పట్టుకొచ్చేవాళ్ళను గురించి అతడికొక పరిశీలన ఉంది. దాన్ని కొత్తగా వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు.

"కాటా తేడాగా ఉందని ఇన్నేళ్ళలో ఎంతమందో వచ్చారు. అందరికీ అది నష్టం చూపించేదే. లాభం చూపించే కాటాని ఇప్పటిదాకా ఒక్కడు పట్టుకురాలేదు నా దగ్గరికి."

మరమ్మతు పనిమీద మాంసం కొట్లన్నీ తిరిగేవాడు. వీధి చివర ఉన్న కొట్టు అతని బావమరిదిదే. అక్కడ తీగల బోనుల్లో కదలలేక కూలబడి ఉండే ఫారం కోళ్ళను చూసి మొహం చిట్లించేవాడు. "ఇది కోడి కాదురా, కోడి బొమ్మ. ఉడికిస్తే నీళ్ళు, నమిలితే దూది," అనేవాడు. "మరి నాటుకోడి తిను బావా, నమిలి నమిలి దవడలు అరిగాక నా దగ్గరికే వస్తావు," అని బావమరిది కత్తి నూరుకుంటూ ఎదురనేవాడు. ఇద్దరిదీ నిజమే. నాటుకోడికి రుచి ఉంది, కండ లేదు. ఫారం కోడికి కండ ఉంది, మరొకటి లేదు. ఈ రెండింటికీ మధ్య, ఇంట్లోనే పెంచుకుని ఇంట్లోనే కోసుకోదగిన ఒక కోడి ఉండాలని మేస్త్రికి తోచింది. ఆ ఆలోచన అతణ్ణి డ్రైవరు పెద్దాయన దగ్గరికి తీసుకుపోయింది.

పెద్దాయన లారీ నడిపిన రోజుల్లో, కొండల అవతల ఎక్కడి నుంచో ఒక పాతజాతిని తెచ్చుకుని జీవితమంతా కాపాడుకున్నవాడు. బండకాళ్ళ జాతి అనేవాడు దాన్ని. స్తంభాల్లాంటి కాళ్ళు, విశాలమైన రొమ్ము, తలమీద జుట్టు నిలువుగా లేవకుండా గింజలు అదిమిపెట్టినట్టు అణిగి ఉంటుంది. ఎదుగుదల నిదానం. పెట్టలు గుడ్లు తక్కువ పెడతాయి, పెట్టినవాటి మీద కూర్చుని తమ బరువుతో తామే పగలగొట్టుకుంటాయి. మాంసం మాత్రం ఒకసారి తిన్నవాళ్ళు చాలాకాలం తలుచుకునేది. పెద్దాయనకు మోకాళ్ళు పోయాయి, గూటి ముందు వంగలేడు. పెట్టలు ఒకదాని వెంట ఒకటి పోయాయి. మిగిలింది ఒక్క పుంజు.

"తీసుకుపో," అన్నాడు పెద్దాయన. "నాటుపెట్టల మీద వదులు. వాటికి కండొస్తుంది, వీడి వంశం నిలబడుతుంది. కానీ మేస్త్రీ, ఒక్క మాట. ఫారం రక్తం చుక్క కూడా కలవకూడదు. నీకు పని తొందరగా అవుతుందనిపిస్తుంది ఎప్పుడో ఒకప్పుడు. అప్పుడు కూడా కలపకూడదు."

"కలపను పెద్దాయనా."

"పని కుదిరాక నాకో జత తెచ్చివ్వు. వీడి మనవలు మా వాకిట్లో తిరిగితే చాలు నాకు."

"నేనే తెచ్చిస్తాను. మాట."

పుంజును సంచిలో పెట్టుకుని మేస్త్రి ఇంటికి నడిచాడు. దారి పొడుగునా సంచి అతని మోకాలిని తంతూనే ఉంది. గుమ్మంలో అత్తగారు దాన్ని ఎగాదిగా చూసి, "వచ్చాడమ్మా అల్లుడు, ఉత్త చేతుల్తో," అన్నది. పేరు అలా పడింది. ఈ ఇంటికి అల్లుడొక్కడేనని, రెండోవాడు ఈ గడప తొక్కడని మేస్త్రి ఆ రోజే అందరి ముందూ అన్నాడు. నవ్వుతూ అన్నాడు గాని, అది కట్టడి.

మొదటి కాన్పు బాగానే సాగింది. కూతుళ్ళు పొదిగాయి, మనవలు లేచారు. ఒక్కొక్కదాన్నీ అరచేతిలో వెల్లకిలా పెట్టి కాళ్ళ మందం చూసేవాడు. కొంచెం ఎదిగాక రెండు వేళ్ళతో రొమ్ము ఎముకను తడిమి, అటూ ఇటూ కండ ఎంత పట్టిందో అంచనా వేసి, ఆ తరువాతే కాటా మీద పెట్టేవాడు. కాటా తన అంచనాతో కలిస్తే తల పంకించేవాడు. పిల్లలన్నింటికీ తండ్రిలాగే అణిగిన జుట్టు వచ్చింది. మేస్త్రి దాన్ని చూశాడు, సంతోషించాడు. ఈ సంగతి గుర్తుంచుకోదగినది, ఎందుకంటే తరువాత అతడు దీన్నే మరచిపోవడానికి ఇష్టపడ్డాడు.

కొక్కెర తెగులు వచ్చింది. మెడలు మెలికలు తిరిగి, ముక్కున నీరు కారుతూ, మనవలంతా కొద్దిరోజుల్లో తుడిచిపెట్టుకుపోయారు. గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాడు. నలుగురు కూతుళ్ళు, అల్లుడు బతికి బయటపడ్డారు. కానీ అల్లుడిలో ఏదో ఆరిపోయింది. అరిచేవాడు, మేసేవాడు, పెట్టల వెంట తిరిగేవాడు. గుడ్డును టార్చిలైటుకు అడ్డంపెట్టి చూస్తే లోపల అల్లుకోవలసిన ఎర్రని నరాలు అల్లుకునేవి కావు. పొదుగు వెంట పొదుగు వట్టిపోయింది. ఒక్కో వట్టిగుడ్డునూ మేస్త్రి పగలగొట్టి చూసి, గోడవారన కూర్చుండిపోయేవాడు. పనిశాల తలుపులు తెరవడం మానేశాడు. కాటాలు ఇచ్చినవాళ్ళు వచ్చి, బాగుపడని కాటాలే తిట్టుకుంటూ తీసుకుపోయేవాళ్ళు. అన్నం దగ్గర పిలిస్తే పలికేవాడు గాని లేచేవాడు కాదు.

ఆ తరువాతి పొదుగులో గుడ్లు ఎర్రబడ్డాయి.

"అల్లుడు కోలుకున్నాడండీ," అన్నది భార్య, గుడ్డును లైటు ముందు పట్టుకుని. మేస్త్రి ఆమె చేతిలోంచి గుడ్డు తీసుకుని చాలాసేపు చూశాడు. లోపల నలకంత నల్లని చుక్క కొట్టుకుంటోంది. మర్నాడు పనిశాల తెరిచాడు.

ఆ పిల్లలు ఎదిగిన తీరు అతడు ఊహించినదానికి మించింది. రొమ్ములు నిండాయి, బరువు వారం వారం ముల్లును ముందుకు నెట్టింది. ఒక్కటే తేడా. జుట్టు నిలువుగా లేచింది, ఒక్కదానికి కూడా అణగలేదు. మేస్త్రి దానికొక సమాధానం కట్టుకున్నాడు. తెగులు పడిన తండ్రి, బలమైన తల్లులు. అందుకే ఈ తరంలో తల్లుల పోలిక పైకి వచ్చిందన్నాడు. పెద్దాయన ఒకసారి చూడవచ్చి, "జుట్టు నిలబడిందేం?" అని అడిగితే ఇదే వివరించి చెప్పాడు. తూకం తెలిసిన మనిషి చెప్పిన మాట గనుక పెద్దాయన తల ఊపాడు. కాటా మీద లెక్కకు మించిన బరువు కనబడితే ముందు కాటాను అనుమానించాలని ఊరందరికీ చెప్పే మనిషి, తన పెరట్లో లాభం చూపిస్తున్న కాటాను మాత్రం అనుమానించలేదు.

ఏళ్ళు గడిచాయి. మనవలను, మనవరాళ్ళను వేరువేరు తల్లుల వైపు నుంచి ఎంచి కలిపాడు, మునిమనవలు వచ్చారు. మాంసం బాగుందని తిన్నవాళ్ళన్నారు. అల్లుడు ముసలివాడై, గోడ మీదికి ఎగరలేక, పాత కాటా పళ్ళెం ఒకటి బోర్లించి ఉంటే దానిమీద నిలబడి, ఆ సంసారాన్నంతా పైనుంచి చూస్తున్నట్టు చూసేవాడు. పనయిందని మేస్త్రి పెద్దాయనకు కబురు పంపాడు. నేను తెచ్చిస్తానన్నా ఆయన వినలేదు. ఆదివారం తానే వచ్చి, కళ్ళతో చూసి తీసుకుపోతానన్నాడు.

శనివారం మధ్యాహ్నం ఒక మునిమనవణ్ణి కోశారు. బావమరిదిని భోజనానికి పిలిచారు. కోసింది కూడా అతడే. నలుగురూ వంటింట్లోనే చాపల మీద కూర్చున్నారు. మొదటి ముద్ద నోట పెట్టుకుని మేస్త్రి ఏమీ అనలేదు. అతడు ఏమీ అనకపోవడమే మెచ్చుకోలని ఇంట్లో అందరికీ తెలుసు.

"ఏం కండ, ఏం కండ," అన్నది అత్తగారు, ముక్కను వేళ్ళతో విడదీస్తూ. "ఎంతైనా చిన్నల్లుడి పోలిక. పెద్దవాడికి ఇంత రొమ్మెక్కడిదీ?"

వడ్డిస్తున్న గరిటె గిన్నె అంచుకు తగిలి ఆగింది.

మేస్త్రి నవ్వాడు. "మీకున్నది ఒక్క కూతురు, ఒక్క అల్లుడు. పెరట్లోనూ అంతే. చిన్నల్లుడెవరు అత్తగారూ?"

ఆమెకు వినబడలేదు. బావమరిది గబగబా అందుకున్నాడు. "అమ్మకి చాదస్తం ముదిరింది బావా. నిన్న నన్నే చూసి మా నాన్న వచ్చాడనుకుంది. తిను, చల్లారిపోతుంది."

ఆ మాట మాత్రం ఆమెకు వినబడింది. చెవిటితనంలో ఉండే న్యాయం అది. తమను చులకన చేసే మాట ఎంత మెల్లగా అన్నా అందుతుంది.

"చాదస్తం నీకురా," అన్నది ముసలామె. "నాకన్నీ గుర్తే. ఆ ఎర్రపుంజుని నీ కొట్లోంచి తెచ్చింది నువ్వు కాదూ? బుట్టలో పెట్టి, పైన తువ్వాలు కప్పి, దొడ్డిదారిన. మీ అక్క దాన్ని కూతుళ్ళ మధ్య వదిలేది, అల్లుడుగారు ఇంటికొచ్చే వేళకి మళ్ళీ బుట్ట. నేనే కదా చిన్నల్లుడని పేరు పెట్టాను. మీరందరూ నవ్వారు కూడా."

ఎవరూ నవ్వలేదిప్పుడు. కూరలోంచి ఆవిరి లేస్తోంది. మేస్త్రి తన కంచంలోకి చూశాడు. ఎముక మీద కండ మందంగా, తెల్లగా, తేలిగ్గా విడివడి ఉంది. ఇన్నేళ్ళుగా తన చేతి పనితనం అనుకున్నది అదే.

"ఫారం పుంజా?" అని అడిగాడు. గొంతు మామూలుగానే ఉంది.

"రంగు ఫారం బావా," అన్నాడు బావమరిది, తల దించుకుని. "తెల్లది కాదు. మన పెట్టల రంగులో కలిసిపోయేది చూసి తెచ్చా."

"కలిసిపోయేది చూసి తెచ్చావు."

భార్య గరిటె కింద పెట్టింది. "నేనే తెమ్మన్నాను. వాణ్ణేం అనకండి. మీరు అన్నం మానేశారు. పలకరిస్తే గోడ వంక చూసేవాళ్ళు. ఒక్క గుడ్లో పిల్ల కదిలితే లేస్తారనిపించింది. లేచారు."

"లేచాక చెప్పొచ్చుగా."

"లేచినవాణ్ణి నా చేత్తో మళ్ళీ పడెయ్యమంటారా?"

ఆ ప్రశ్నకు జవాబు ఉందో లేదో మేస్త్రి తూచుతున్నట్టున్నాడు. "ఆ తర్వాతి పిల్లల్లో అల్లుడివి ఏవి?"

"ఒక్కటీ లేదండీ."

"ఒక్కటీ."

"వాడి గుడ్లు మళ్ళీ కట్టలేదు."

"ఇంకెవరికి తెలుసు?"

భార్య కిటికీలోంచి పెరటి గోడ వైపు చూసింది. గోడ అవతల టీచరమ్మ బకెట్లో నీళ్ళు పట్టుకుంటున్న చప్పుడు వినబడుతోంది. వీధి వారంపాటు నవ్విన నవ్వు దేని గురించో మేస్త్రికి అప్పుడు తెలిసింది. కొత్తగా వచ్చిన ఆమెకు పాతకాపులు కథ మొత్తం చెప్పి ఉంటారు.

"ఆ పుంజేమైంది?" అన్నాడు చివరికి.

బావమరిది కంచంలో మెతుకులు కెలికాడు. ముసలామె మళ్ళీ అందుకోబోతే కూతురు ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది.

"చెప్పరా."

"తిన్నావు బావా. మా ఇంట్లో, నిన్ను పిలిచి వండించా. గుర్తుందో లేదో. ఒక ముక్క నమిలి, ఇదేం మాంసంరా, దూది, దీన్ని అమ్ముకుని బతుకుతున్నావా అన్నావు."

మేస్త్రి లేచి చెయ్యి కడుక్కున్నాడు. కంచంలో సగం అన్నం అలాగే ఉంది. పెరట్లోకి వెళ్ళి, బోర్లించిన పళ్ళెం మీద నిలబడిన అల్లుడి ముందు గొంతుక్కూర్చున్నాడు. వాడి చుట్టూ మునిమనవలు మట్టి గీరుతున్నాయి. ఏ ఒక్కటీ వాడిది కాదు. ఆ సంగతి వాడికి ఎన్నడూ తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. తెలియడమనే బరువు మనుషులకే ఉంది. మేస్త్రికి అప్పుడు కలిగింది కోపమని చెప్పడం సరికాదు. ఇన్నేళ్ళ తన సంతోషాలను ఒక్కొక్కటిగా వెనక్కి తీసుకుని, తన సంతోషం చూస్తూ వీళ్ళు ముగ్గురూ ఒకరి వంక ఒకరు ఎలా చూసుకుని ఉంటారో ఊహించుకుంటున్నాడు. మోసంలో నష్టం కన్నా ఆ చూపులే బరువు. మొదటి మునిమనవణ్ణి అరచేతిలో వెల్లకిలా పెట్టి, "తాత కాళ్ళేనే," అని భార్యకు చూపించిన రోజు గుర్తుకొచ్చింది. ఆమె వంగి, చూసి, "అవునండీ," అన్నది.

ఆదివారం ఉదయం పెద్దాయన ఆటోలో వచ్చాడు. ఒళ్ళో కొత్త బుట్ట, అందులో పరిచిన పాత దుప్పటి ముక్క. కర్ర ఆనించుకుని ముందుగదిలో కుర్చీలో కూర్చున్నాడు. వంటింటి తలుపు ఓరగా వేసి ఉంది. దాని వెనక భార్య ఉన్నదని మేస్త్రికి తెలుసు.

"ఏవీ నా మనవలు?" అన్నాడు పెద్దాయన. "రాత్రి నిద్ర పట్టలేదయ్యా. ఈ వయసులో పెళ్ళిచూపులకి వెళ్తున్నట్టుంది."

మేస్త్రి పీట లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. "పెద్దాయనా, మీ పుంజు తెగులు తర్వాత పనికి రాలేదు. ఇప్పుడున్నవి వాడి పిల్లలు కావు. ఫారం పుంజు కలిసింది."

పెద్దాయన అర్థం కానట్టు చూశాడు. "ఎక్కణ్ణుంచి ఎగిరొచ్చింది?"

"ఎగిరి రాలేదు. తెచ్చి వదిలారు."

"ఎవరు?"

మేస్త్రి తలుపు వైపు చూశాడు. చూడ్డమే కాదు, ఆగాడు. ఆ జాగా ఆమె కోసం వదిలిపెట్టాడు. బయటికి వచ్చి, నిన్న వంటింట్లో అన్నట్టే, నేనే తెమ్మన్నానని ఒక్క మాట అంటే చాలు. ఆ మాట పెద్దాయన ముందు తన మాటను కాపాడుతుంది. తలుపు వెనక ఏదో గిన్నె నేలమీద పెట్టిన చిన్న చప్పుడైంది. తలుపు కదలలేదు.

"నా పెరట్లో జరిగింది," అన్నాడు మేస్త్రి. "నాదే."

పెద్దాయన బల్లమీది కాటాల వైపు చూశాడు. తరువాత అన్నాడు. "తెగులు తర్వాత నీ పిల్లలు లేచిన ఏడాది, పంపు మెకానిక్కు ఒకాయన ఇల్లు ఖాళీ చేస్తూ నన్నడిగాడు. ఆయన దగ్గర ఇదే జాతి రెండు పెట్టలు, ఒక కుర్రపుంజు ఉన్నాయి. కావాలా పెద్దాయనా, లేకపోతే కోసుకు తింటాం అన్నాడు. మేస్త్రి దగ్గర వంశం లేచింది, నాకెందుకులే, తినెయ్యండి అన్నాను."



"నాకప్పుడే తెలిసుంటే," అన్నాడు మేస్త్రి.

"నీకు తెలీదంటావా?"

ఆ ప్రశ్నలో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అడిగాడు. తెలియదని చెబితే ఎవరికి తెలుసో చెప్పాలి. తెలుసని చెబితే అబద్ధం. మేస్త్రి రెండూ చెప్పలేదు. పెద్దాయన ఆ మౌనాన్ని తనకు అర్థమైన విధంగా అర్థం చేసుకున్నాడు.

"మా వాణ్ణి నాకిచ్చెయ్," అన్నాడు.

మేస్త్రి పెరట్లోకి వెళ్ళి అల్లుణ్ణి రెండు చేతులా ఎత్తుకొచ్చాడు. వాడు తేలికైపోయాడు. బుట్టలో పెడుతున్నప్పుడు పెద్దాయన దాని కాలిని గుప్పిట్లోకి తీసుకుని, బొటనవేలితో ఒకసారి నిమిరాడు. ఆటో మలుపు తిరిగేదాకా మేస్త్రి గుమ్మంలో నిలబడ్డాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఒక మనిషి అతని గడప దిగి, తూకంలో మోసపోయినవాడిలా వెళ్ళిపోయాడు.

భార్య అప్పుడు వచ్చింది. "నేను వద్దామనే అనుకున్నానండీ. కాళ్ళు రాలేదు."

"సరే," అన్నాడు. ఆ సాయంత్రం పెరట్లో ఒక పెట్ట నీళ్ళ మూకుడు బోర్లా పడేసింది. అతడు పనిశాలలోంచే, "ఆ కోడికి నీళ్ళు పెట్టు," అన్నాడు. ఆమె మూకుడు పట్టుకుని పెరటి మధ్యలో ఆగిపోయింది. ఏ కోడి అని అడగలేదు. ఆ మాట ఆ ఇంట్లో అంతకుముందు పుట్టలేదు. అప్పటి నుంచి పెరట్లో కూతుళ్ళు లేరు, మనవలు లేరు, కోళ్ళున్నాయి. చెల్లెలి వెంట పడే పుంజును తరమడానికి ఎవరూ చీపురు ఎత్తలేదు. మేస్త్రి కాటాల పని మానలేదు, అన్నం మానలేదు. ఆమె అందుకే మరింత బెదిరింది. మానేస్తే ఏం చేయాలో ఆమెకు తెలుసు.

కొన్నాళ్ళకు బావమరిది వచ్చాడు. ఎండలో ఎక్కడెక్కడో తిరిగినట్టు మొహం నల్లబడి ఉంది. చంకలో ఒక పుంజు. దొడ్డిదారిన రాకుండా వీధి గుమ్మంలోంచే వచ్చాడు, పైన తువ్వాలు కప్పలేదు.

"బావా, ఇదిగో. కొండల అవతలిదాకా వెళ్ళా. బండకాళ్ళ జాతే. కాళ్ళు చూడు, జుట్టు చూడు, అణిగి ఉంది. ఇచ్చినాయన ఒట్టేసి చెప్పాడు."

మేస్త్రి చేతిలోని స్ప్రింగును బల్లమీద పెట్టాడు. పుంజు వంక ఒకసారి చూశాడు. కాళ్ళు స్తంభాల్లా ఉన్నాయి, జుట్టు గింజలు అదిమినట్టు ఉంది. అది నిజంగా ఆ జాతిదే కావచ్చు. కానీ పుంజు పుట్టుకను ఏ కాటా తూచలేదు, తెచ్చినవాడి మాటే దానికి తూనికరాయి. తన అలమరలో ఆ రాయి ఇప్పుడు లేదు.

పెళ్ళినాటి నుంచీ ఒరే అని, నువ్వని, తిట్టీ కొట్టీ పిలుచుకున్న బావమరిదికి అతడు కుర్చీ చూపించాడు.

"రండి," అన్నాడు. "ఎండన పడి వచ్చారు. కూర్చోండి."

బావమరిది కూర్చోలేదు. చంకలో పుంజు గింజుకుంటున్నా పట్టు సడలించడం మరచిపోయి, బావ మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. వంటింటి గుమ్మంలో భార్య చేతిలోని నీళ్ళగ్లాసు అక్కడే ఆగిపోయింది.

పీటమీది ముసలామె తరుగుతున్న కత్తిని ఆపి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ముందుగది వైపు మెడ చాచింది.

"ఎవరే అమ్మాయ్, అల్లుడుగారు అంత మర్యాదగా పిలుస్తున్నారు? ఎవరైనా కొత్తవాళ్ళొచ్చారా?"